మధ్యలో మానేసినవాళ్ళు

2001 నవంబర్లో ఒక అర్ధరాత్రి మా నాయన తిరుపతి నుంచి ఫోన్ చేశాడు. ఆ రోజుల్లో ఫోన్ చెయ్యడం మా వంతు. కాలింగ్ కార్డు గీకి, ఆ అంకెలన్నీ నొక్కి, మధ్యలో లైను కట్ అయితే మళ్ళీ మొదట్నుంచీ నొక్కి... ఇంటివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఐఎస్‌డీ చేశారంటే ఎవరో పోయారనే లెక్క. రింగ్ వినగానే గుండె జారిపోయింది.

"ఎవురికీ ఏం కాలేదు లేరా. ఎవురో లాయరు కాయితం పంపినాడు. నువ్వు రెండేండ్లు చేస్తానని రాసిచ్చి తొమ్మిది నెలలకే మానేసినావంట. పదివేల డాలర్లు కట్టాలంట. ష్యూరిటీ సంతకం నాది గదా, కట్టకపోతే నామింద కేసేస్తామంటా ఉండారు" అన్నాడు. కాసేపాగి, గొంతు తగ్గించి, "జైల్లో గానీ ఏస్తారా?" అనడిగాడు.

ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఆయన నోట జైలు అన్నమాట వినడం నాకదే మొదలు. అప్పటి రేటు ప్రకారం పదివేల డాలర్లంటే దగ్గరదగ్గర నాలుగు లక్షల ఎనభై వేలు. "అట్లాంటిదేం జరగదు నాయనా, పడుకో" అన్నాను గానీ నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. ఆ రాత్రి నేనూ పడుకోలేదు.

నా కథ పెద్దదేం కాదు, త్వరగా చెప్పేస్తాను. 2001 మొదట్లో ఒక కన్సల్టెన్సీ హెచ్1బి మీద తీసుకెళ్ళింది (పేరెందుకు, అలాంటివి వీధికొకటి ఉండేవి). వీసా స్టాంపింగుకి ముందు, తెల్లవారుజామున బస్సెక్కి మద్రాసు జెమిని ఫ్లైఓవర్ పక్కన క్యూలో నిలబడటానికి ముందు, ఒక బాండు పేపరు మీద సంతకాలయ్యాయి. అన్నట్టు, సాక్షాత్తూ ఏడుకొండలవాడి ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి పట్టుకుని, వీసా కావాలంటే హైదరాబాదు పోయి చిలుకూరులో ప్రదక్షిణాలు చెయ్యమని సలహా ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారు :) సరే, అక్కడికి పోయేసరికి డాట్‌కామ్ బుడగ పేలిపోయింది, ప్రాజెక్టుల్లేవు. రెండు బెడ్రూముల గెస్ట్‌హౌసులో ఆరుగురం. బెంచి మీద ఉన్నన్నాళ్ళూ జీతం లేదు. అయిదో నెలలో ప్రాజెక్టొచ్చింది, మూడు నెలలకి అయిపోయింది. మళ్ళీ బెంచి. ఇంకో కంపెనీవాళ్ళు తీసుకుంటామంటే వీసా ట్రాన్స్‌ఫర్ చేయించుకుని వెళ్ళిపోయాను. దాని ఫలితమే ఆ లాయరు కాగితం.

మా నాయన అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పరాయి దేశంలో పని ఒప్పుకుని పోయినవాడు గడువుకి ముందే మానేస్తే జైల్లో వేస్తారా? మా జిల్లాలో ఆ ప్రశ్న అడిగిన మొదటి తండ్రి ఆయన కాడని తర్వాత చదువుతుంటే తెలిసింది. ఇంకో విషయం కూడా తెలిసింది. వందేళ్ళ కిందట ఆ ప్రశ్నకి జవాబు "ఔను, వేస్తారు" అనే.

ముందు ఊళ్ళ సంగతి చెప్పాలి. ఇప్పుడు చిత్తూరు, తిరుపతి వేరువేరు జిల్లాలు (2022 ఏప్రిల్ నుంచి). చిత్తూరు జిల్లా అనేదే 1911లో పుట్టింది. అంతకుముందు చిత్తూరు, పలమనేరు, తిరుపతి ఉన్న చంద్రగిరి తాలూకా, ఇటు కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీలు... ఇవన్నీ నార్త్ ఆర్కాట్ జిల్లా. పేరు ఆర్కాటుదే అయినా కలెక్టరు కూర్చునేది మన చిత్తూర్లో. సగం తెలుగు, సగం అరవం మాట్లాడే జిల్లా అది. మద్రాసు నుంచి వాలాజా రోడ్డు దాకా 1856లోనే రైలొచ్చింది, దక్షిణాదిలో మొట్టమొదటి ప్రయాణికుల రైలుమార్గం అదే. 1876-78 కరువు (మనవాళ్ళు ధాత కరువంటారు) ఈ జిల్లాని నమిలేసింది. రైలుంది, కరువుంది, మద్రాసు రేవు దగ్గర్లోనే ఉంది. ఇంక ఏజెంటుకి కావలసిందేముంది?

దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి మొదటి ఓడ, దాని పేరు ట్రూరో, మద్రాసు నుంచే బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా మొత్తం లక్షా యాభై వేల మంది పైగా వెళ్ళారు. అందులో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచే. ఒక్కొక్క మనిషికీ రిజిస్టర్లో ఒక వరస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు. ఆ ఓడల జాబితాల్ని డర్బన్ విశ్వవిద్యాలయంవాళ్ళు కంప్యూటర్లోకి ఎక్కించారు. ఒక శనివారం కూర్చుని చూస్తూ పోతే జిల్లా గడిలో మళ్ళీ మళ్ళీ నార్త్ ఆర్కాట్, నార్త్ ఆర్కాట్. ఫిజీ ఓడలు 1903 నుంచి మద్రాసు రేవుకి కూడా రావడం మొదలుపెట్టాయి. వాటిల్లో కూడా ఎక్కువమంది వెళ్ళిన జిల్లాల్లో మనదొకటి.

వాళ్ళ ఒప్పందం అయిదేళ్ళది. అగ్రిమెంట్ అనే మాట జనం నోళ్ళలో నలిగి "గిర్మిట్" అయింది. నేటాల్లో జీతం మొదటి ఏడు నెలకి 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికో షిల్లింగు పెంపు (మన హైకు ఎంత ప్రాచీనమైనదో చూశారా). ఫిజీలో రోజుకి మగవాళ్ళకి ఒక షిల్లింగు, ఆడవాళ్ళకి 9 పెన్నీలు; వారంలో అయిదురోజులు తొమ్మిదేసి గంటలు, శనివారం అయిదు గంటలు. తిరుగు ప్రయాణం సంగతి కూడా అందులోనే ఉండేది. ఫిజీకి పోయినవాడు అయిదేళ్ళు కాగానే వచ్చేస్తానంటే సొంత ఖర్చు మీద రావాలి, పదేళ్ళుంటే ఓడ టిక్కెట్టు ఉచితం. నవ్వొచ్చే విషయమేంటంటే ఈ తేడా నా హెచ్1బి నిబంధనల్లోనూ ఉంది. గడువుకి ముందు కంపెనీ నన్ను తీసేస్తే ఇంటికి పంపే ఖర్చు దానిది. నాకు నేనుగా మానేస్తే టిక్కెట్టు నాది.

అసలు సంగతి ఒప్పందంలో ఉన్నవాటిది కాదు, లేనిదాని గురించి. మధ్యలో మానేస్తే ఏమవుతుంది? మామూలు లెక్కలో అయితే మాట తప్పినందుకు నష్టం కట్టమని సివిల్ దావా వెయ్యాలి. గిర్మిట్ కూలీకి అది వర్తించదు. అతను పనిలోకి రాకపోయినా, చెప్పిన పని పూర్తిచెయ్యకపోయినా, యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా ఎస్టేటు దాటి బయటికి పోయినా అది నేరం. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి జరిమానానో జైలో వేస్తారు. జైలుకి పోయొస్తే విముక్తి వస్తుందా అంటే అదీ లేదు, జైలు నుంచి నేరుగా మళ్ళీ అదే తోటకి. ఫిజీలో అయితే పోగొట్టిన రోజుల్ని గడువుకి కలిపేవాళ్ళు కూడా. అంటే పారిపోవాలని చూస్తే అయిదేళ్ళు కాస్తా ఇంకా పొడుగవుతుంది.

ఈ విషయం ఓడెక్కేముందు కూలీకి చెప్పేవాళ్ళు కాదు. 1912 మార్చి 4న గోపాలకృష్ణ గోఖలే కలకత్తాలో వైస్రాయి కౌన్సిల్లో ఈ పద్ధతిని రద్దు చెయ్యాలని తీర్మానం పెట్టి, ఈ ఒక్క అంశాన్ని పట్టుకుని గట్టిగా అడిగాడు: జీతమెంత, గంటలెన్ని అన్నవి చెప్తున్నారు, కానీ నువ్వు వెళ్ళి పడబోయేది క్రిమినల్ చట్టం కింద అని ఎవరు చెప్తున్నారు? తీర్మానం వీగిపోయింది. నాకు మాత్రం నా పద్నాలుగు పేజీల కాగితం గుర్తొచ్చింది. పన్నెండో పేజీలో చిన్నక్షరాల్లో ఉన్న పేరా నేను చదవలేదు, మా నాయన అసలే చదవలేదు. కొడుకు అమెరికా పోతుంటే ఎవరు చదువుతారు? చూపించిన చోట సంతకం పెట్టాడంతే.

ఇదే కాలంలో ఇంగ్లండులో పరిస్థితి ఏంటో తెలుసా? అక్కడ కూడా పనివాడు మధ్యలో మానేస్తే జైల్లో పెట్టే చట్టాలుండేవి. కార్మిక సంఘాలు పోట్లాడగా 1875లో వాటిని ఎత్తేశారు, ఆ తర్వాత అది సివిల్ తగాదా మాత్రమే. మన దేశంలో 1859లో చేసిన పదమూడో చట్టం ఒకటుండేది. అడ్వాన్సు తీసుకున్న పనివాడు పని ఎగ్గొడితే మేజిస్ట్రేటు, పనన్నా చెయ్యి, డబ్బన్నా కట్టు అనేవాడు. రెండూ చెయ్యకపోతే మూడు నెలల దాకా కఠిన కారాగారం. ఇది 1925లో గానీ రద్దు కాలేదు. లండన్‌లో కమ్మరివాడికి 1875లో దక్కినది మద్రాసులో కూలీకి దక్కడానికి ఇంకో యాభయ్యేళ్ళు పట్టింది. ప్రభువులు ఒకరే, చట్టాలే వేరు.

బాలసుందరం కథ చాలామంది చదివే ఉంటారు, గాంధీ ఆత్మకథలో ఉంది. నేను కూడా స్కూల్లో చదివాను, "గాంధీగారి దయాగుణం" అన్న ఖాతాలో వేసి మర్చిపోయాను. వీసా ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నాక మళ్ళీ చదివితే అది వేరే కథలా కనిపించింది. గాంధీ డర్బన్‌లో ప్రాక్టీసు పెట్టిన మొదటి నెలల్లో, ముందు పళ్ళు రెండు విరిగి, నోట్లోంచి రక్తం కారుతూ, తలపాగా చేత్తో పట్టుకుని ఒక తమిళ కూలీ ఆఫీసుకొచ్చాడు. యజమాని కొట్టాడు. గాంధీ ముందు డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకుని, అతన్ని మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్ళాడు. మేజిస్ట్రేటు యజమానికి సమన్లిచ్చాడు.

ఇక్కడిదాకా మామూలే. తర్వాతదే అసలు చిక్కు. బాలసుందరం వెనక్కి పోకూడదు, పోతే ఏమవుతుందో తెలిసిందే. అలాగని పోకుండా ఉంటే పరారీ అయినట్టు, అప్పుడు జైలుకి పోయేది దెబ్బలు తిన్నవాడే. చట్టంలో ఉన్న దార్లు రెండే. ప్రొటెక్టర్ అనే అధికారి ఒప్పందాన్ని రద్దన్నా చెయ్యాలి, ఇంకొకరి పేరుకి మార్చన్నా మార్చాలి. లేదా యజమానే వదిలిపెట్టాలి. గాంధీ యజమాని దగ్గరికి పోయి, నిన్ను శిక్షించాలని నాకు లేదు, ఇతన్ని ఇంకొకరికి ట్రాన్స్‌ఫర్ చెయ్యి చాలు అన్నాడు. అతను ఒప్పుకున్నాడు. ప్రొటెక్టర్ కూడా సరే అన్నాడు, కొత్త యజమానిని వెతికి తెస్తేనే. ఆ కొత్త యజమాని తెల్లవాడే అయుండాలి, గిర్మిట్ కూలీల్ని పెట్టుకునే హక్కు భారతీయులకి లేదు. గాంధీ ఒకణ్ణి వెతికి తెచ్చాడు. బాలసుందరం ఒక దొర చేతిలోంచి ఇంకో దొర చేతిలోకి మారాడు.

అంటే గాంధీ అంతటివాడు తిప్పలు పడి సాధించిపెట్టింది స్వేచ్ఛ కాదు, ట్రాన్స్‌ఫర్! నాకిది ఒళ్ళు జలదరించే పోలికగా అనిపించింది. అలాగని నేను బాలసుందరాన్ని అనడంలేదు సుమా, నా పళ్ళు నాకున్నాయి, కారు కూడా ఉండేది. హెచ్1బిని బానిసత్వమని తిట్టుకునే మిత్రులతో నేనెప్పుడూ ఏకీభవించలేదు. కానీ మనిషి మానేయాలంటే ముందు ఇంకో యజమానిని చూపించాలి అన్న సూత్రం మాత్రం 1894 నుంచి 2001 దాకా చెక్కుచెదరకుండా వచ్చింది. ఉద్యోగం నాది, కానీ దేశంలో ఉండే హక్కు కంపెనీ పేరు మీద.

ఇక్కడ నా అదృష్టాన్ని కూడా చెప్పాలి. 2000 అక్టోబరులో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం కొత్త కంపెనీ దరఖాస్తు దాఖలు చెయ్యగానే అక్కడ పనిలో చేరొచ్చు. అంతకుముందు ఆమోదం వచ్చేదాకా పాతచోటే పడుండాల్సి వచ్చేది. నేను దాటింది అది తెరిచిన తలుపులోంచే. ఉద్యోగం పోయినవాడికి 60 రోజుల వెసులుబాటు 2017 జనవరి నుంచే. మా రోజుల్లో అదీ లేదు, చట్టం మాటకొస్తే ఉద్యోగం పోయిన మర్నాటికే అక్కడ ఉండే హక్కు పోయినట్టు.

లాయరు కాగితం సంగతి చెప్పలేదు కదూ. కొత్త ఆఫీసులో ఒకాయన, ఇలాంటివి చాలా చూసినవాడు, 1998లోనే చేసిన ఇంకో చట్టం చూపించాడు. బెంచి మీద ఉన్నా హెచ్1బి మీద వచ్చినవాడికి జీతం ఇవ్వాల్సిందే. గడువుకి ముందు మానేసినందుకు శిక్షగా డబ్బు వసూలు చెయ్యకూడదు. నిజంగా జరిగే నష్టానికి ముందే సబబుగా లెక్కకట్టుకున్న పరిహారమైతే ఆ రాష్ట్రం చట్టం ఒప్పుకుంటే అడగొచ్చు, భయపెట్టడానికి వేసిన అంకెని మాత్రం అడగకూడదు. ఈ రెంటికీ తేడా తేల్చేది కోర్టు. ఒక పేజీ ఉత్తరం రాశాను: నాకు రావలసిన బెంచి జీతం ఇంత, మీరడిగేది ఇంత, రెండూ కలిపి కార్మికశాఖ దగ్గర తేల్చుకుందాం అని. మళ్ళీ ఉత్తరం రాలేదు. మా నాయన మాత్రం ఏడాది పాటు పోస్ట్‌మ్యాన్ కనబడితే లోపలికి పోయేవాడట. ఈ సంగతి మా అమ్మ చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

నాకు దొరికిన ఆ తలుపు నేటాల్లో ఎలా తెరుచుకుంది? కొంత వాళ్ళే తెరుచుకున్నారు. 1871లో, మొదట్లో వెళ్ళినవాళ్ళు కొందరు గడువు ముగించుకుని మద్రాసులో ఓడ దిగి, అక్కడ మమ్మల్ని ఇట్లా చూశారు అని నోరు విప్పారు. అప్పటికే ఆగివున్న వలసని మన ప్రభుత్వం విచారణ జరిగేదాకా మళ్ళీ మొదలుపెట్టనివ్వలేదు. 1872లో నేటాల్లో కమిషన్ వేశారు, 1874లో గానీ ఓడలు మళ్ళీ కదల్లేదు. తర్వాత 1895లో అక్కడి ప్రభుత్వం కొత్త ఎత్తు వేసింది. గడువు ముగిశాక మళ్ళీ గిర్మిట్ రాసివ్వకుండా, దేశానికీ తిరిగి పోకుండా అక్కడే బతుకుతానంటే తలకి ఏడాదికి మూడు పౌన్ల పన్ను. మొదట వాళ్ళు అడిగింది పాతిక పౌన్లు, మన వైస్రాయి మూడుకి ఒప్పుకున్నాడు! మూడు పౌన్లంటే 60 షిల్లింగులు, 10 షిల్లింగుల కూలీకి ఆర్నెల్ల జీతం. మధ్యలో మానేస్తే జైలు, గడువు నిండాక మానేస్తే పన్ను. పిల్లల మీదకి కూడా తర్వాత ఈ పన్ను పాకింది.

1913 అక్టోబర్లో న్యూకాసిల్ బొగ్గుగనుల కూలీలు పని ఆపేశారు. దాన్ని మనం సత్యాగ్రహం అంటాం. చట్టం కళ్ళతో చూస్తే అది వేలమంది ఒకేసారి చేసిన ఒప్పంద ఉల్లంఘన, సామూహికంగా మధ్యలో మానెయ్యడం. నవంబరు 6న రెండువేల మందికి పైగా గాంధీ వెంట ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. పట్టుకున్నవాళ్ళందరికీ జైళ్ళు చాలవు కదా? ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. గని ఆవరణల్నే జైళ్ళుగా ప్రకటించింది, గని ఉద్యోగుల్నే జైలు వార్డర్లుగా నియమించింది. కూలీల్ని పట్టుకొచ్చి, వాళ్ళు మానేసిన అదే గనిలోకి ఖైదీలుగా దింపింది. ఒప్పందం, జైలు రెండూ ఒకటే అని అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. తోటలకి, చెరుకు మిల్లులకి సమ్మె పాకింది. 1914లో మూడు పౌన్ల పన్ను పోయింది. నేటాల్‌కి కొత్త కూలీల్ని పంపడం 1911 జూలై నుంచే మన ప్రభుత్వం ఆపేసింది, 1917లో అన్ని దేశాలకీ ఆపేసింది. ఫిజీలో మిగిలిపోయిన గిర్మిట్‌లన్నీ 1920 జనవరి 1న రద్దయ్యాయి.

జైలు పోయింది గదా, ఇక అంతా సుఖమేనా అంటే, దాని పని ఇంకోటి చేస్తుంది. సిలోన్ తేయాకు తోటల్లో గిర్మిట్ లేదు, కాగితం మీద కూలీ నెల నోటీసిచ్చి వెళ్ళిపోవచ్చు. కానీ అక్కడ "తుండు" అని ఒకటుండేది. మన తుండుగుడ్డలో తుండే, చిన్న కాగితం ముక్క. ఈ కూలీ అప్పు ఇంత, అది తీర్చినవాళ్ళకి ఇతన్ని వదిలేస్తాం అని పాత తోటవాళ్ళు రాసిచ్చే చీటీ. అది లేకపోతే ఇంకో తోటలో పనివ్వరు. ప్రయాణం ఖర్చు, బియ్యం ఖర్చు, కంగాణీ వేసుకున్న వడ్డీ అన్నీ ఆ ముక్క మీదకెక్కేవి. 1921లో దాన్ని నిషేధించారు. కువైట్‌లో మనవాళ్ళు "రిలీజ్ ఇయ్యలేదు" అంటుంటారే, ఆ మాట విన్నప్పుడల్లా నాకు తుండు గుర్తొస్తుంది.

కువైట్ అంటే మా పీలేరు, రాయచోటి వైపు పక్క ఊరు లాంటిది. మా పెదనాయన కోడలు, నాకు వదినవుతుంది, 2014లో ఖాదిం వీసా మీద పోయింది. ఖాదిం వీసా అంటే ఇంటిపని వీసా. రెండేళ్ళ ఒప్పందం. దిగగానే పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ళు తీసుకున్నారు. నాలుగు నెలలు జీతమిచ్చారు, తర్వాత "రేపు, రేపు". పద్నాలుగో నెలలో చెత్తసంచీ పారేసి వస్తానని బయటికొచ్చి, టాక్సీ ఎక్కి, మనవాళ్ళుండే వీధికి చేరుకుంది. చేతిలో పాస్‌పోర్టు లేదు, మూడొందల గజాల అవతల ఏముందో కూడా తెలీదు.

ఆమె మీద ఎవరూ ఒప్పందం ఉల్లంఘించిందని కేసు పెట్టలేదు, ఆ అవసరమే లేదు. పారిపోయిందని ఒక ఫిర్యాదు చేస్తే చాలు, ఆమె అకామా (అక్కడ నివాస అనుమతి) పోతుంది. అకామా లేకపోతే ఆమె ఆ దేశంలో ఉండటమే నేరం. చూశారా తేడా? నేటాల్లో కూలీ మానేస్తే మానేసినందుకే జైలు. కువైట్‌లో మానెయ్యడం నేరం కాదు, మానేసిన మరుక్షణం నుంచి ఊపిరి పీల్చడం నేరం. 2015లో అక్కడ ఇంటి పనివాళ్ళ కోసం మంచి చట్టమే వచ్చింది, పాస్‌పోర్టులు యజమాని పెట్టుకోకూడదనీ రాశారు. ఆ చట్టం వాడుకోవాలంటే ఆఫీసుకి పోవాలి. ఆఫీసుకి పోవాలంటే దార్లో పోలీసు అకామా అడక్కూడదు. దాదాపు రెండున్నరేళ్ళు ఆమె అలా చీకట్లోనే, గంటల లెక్కన ఇళ్ళల్లో పనిచేస్తూ బతికింది. "మొదటి ఇంటి కన్నా అదే బాగుండె. తలుపుకి గడి లోపక్క ఉండె" అంటుంది.

2018 జనవరి 29న కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. ముందు ఫిబ్రవరి 22 దాకా అన్నారు, తర్వాత ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. గడువు లోపల దేశం వదిలి పోయేవాళ్ళకి జరిమానా మాఫీ. అప్పట్లో జరిమానా రోజుకి 2 దినార్లు, 600 దాటకుండా. మన ఎంబసీ దగ్గర ఔట్‌పాస్ కోసం క్యూలు. ఆమె ఆ క్యూలో నిలబడి కాగితం సంపాదించి, మద్రాసులో విమానం దిగింది. నేను ఆ వారం తిరుపతిలోనే ఉన్నాను గనక ఎయిర్‌పోర్టుకి పోయాను. చేతిలో ఒక సంచీ, ఒక దుప్పటి. ఆ దుప్పటి ఎందుకు తెచ్చిందో అడగాలనిపించి కూడా అడగలేదు.

మా బంధువుల్లో కొందరు, "మధ్యలో వచ్చేసింది, అప్పు మిగిల్చింది" అన్నారు. ఏజెంటుకి కట్టిన డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది మరి. ఇదే బంధువులు నేను కంపెనీ మారినప్పుడు "తెలివైనోడు" అన్నారు. చేసింది ఇద్దరం ఒకటే పని. నాకు దొరికినట్టు ఆమెకి 1998 చట్టం దొరకలేదు, ట్రాన్స్‌ఫర్ దొరకలేదు, ఉత్తరం రాయడానికి ఇంగ్లీషు దొరకలేదు. మనవాళ్ళు మానేసినవాడి గుణాన్ని బేరీజు వేస్తారుగానీ, వాడికి తలుపుందా లేదా అన్నది చూడరు.

దేశంలో ఉండి బాండ్లు రాసేవాళ్ళ కోసం ఒక మాట. మన దగ్గర 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మధ్యలో మానేసినవాడి దగ్గర సబబైన పరిహారం అడగొచ్చు, బలవంతంగా పనిచేయించడానికి లేదు. అలాగని బాండు చిత్తు కాగితమేం కాదు. ఒక ప్రభుత్వ బ్యాంకు అధికారి మూడేళ్ళు నిండకుండా మానేసినందుకు రెండు లక్షలు కట్టాల్సిందేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్తమనిషిని ఎంపిక చేసుకోవడానికి ప్రభుత్వ సంస్థకి అయ్యే ఖర్చు, శ్రమ చూసి ఆ మొత్తం అన్యాయం కాదంది. నాకా తీర్పు పెద్దగా నచ్చకపోయినా అందులో జైలు మాట లేదు, డబ్బు మాటే ఉంది. మా నాయన ఇప్పుడుంటే ఇది చదివి వినిపించేవాణ్ణి.

మా వదిన 2019లో మళ్ళీ కువైట్ పోయింది. క్షమాభిక్షలో వచ్చినవాళ్ళు మళ్ళీ రావచ్చన్నారు, అప్పేమో అలాగే ఉంది. వద్దని చెప్పే మొహం నాకెక్కడిది? పోయేముందు ఈసారి ఒప్పందం కాగితాలు వాట్సాప్‌లో పంపింది, నాలుగు ఫొటోలు, ఒకటి తలకిందులుగా. ఒకపక్క అరబ్బీ, ఇంకోపక్క ఇంగ్లీషు. కింద వాయిస్ మెసేజ్: "అబ్బా, జీతం ఎంతో నాకు తెలుసులే, అది చెప్పబళ్ళేదు. మజ్జలో వచ్చేస్తే ఏమని రాసినారో అది మాత్రం సదివి చెప్పు."